పుట్టపర్తి ఆకాశానికి తాళం!

మబ్బు కోసం తలెత్తి చూసే సీమ అది. అక్కడి ఆకాశం ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటుంది. కానీ ఆ ఖాళీకీ తలుపులున్నాయి. పెద్దవాళ్లు వచ్చినప్పుడు అవి మూసుకుంటాయి!

కొత్తచెరువు నుంచి పుట్టపర్తి వెళ్లే దారి. అటూ ఇటూ రాళ్ల గుట్టలు, ఎర్రనేలలు, వేరుశనగ చేలల్లో కందిసాళ్లు. ఏడాది మొత్తమ్మీద ఇక్కడ కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత ఇంత తక్కువ వాన పడేది అనంతపురంలోనే అని చెబుతుంటారు. చిత్రావతిలో నీళ్లకన్నా ఇసుక ఎక్కువ కనిపించే రోజులే అధికం. అలాంటి చోట ఉన్నట్టుండి రెండు కిలోమీటర్లకు పైగా సాగిన రన్‌వే ఎదురైతే... కొత్తగా వచ్చినవాళ్లు బండి ఆపి చూస్తారు మరి.

అది సర్కారుది కాదు. సత్యసాయి సెంట్రల్ ట్రస్టుది. 1990 నవంబరులో ప్రారంభమైంది. దేశవిదేశాల నుంచి వచ్చే భక్తుల కోసం ఒకప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాలు దిగాయిక్కడ. తర్వాత ఆ సర్వీసులు ఆగిపోయాయి. ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా చార్టర్లూ సొంత విమానాలూ, ప్రముఖుల రాకపోకలు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకు పుట్టుకతోనే ఓ విమానాశ్రయం ఉందన్నమాట!

ఈ ప్రాంతం వాళ్లు మరో రకం విమానాన్నీ చూశారు. 2003లో మొదలైన మేఘమథనం రోజుల్లో చిన్న విమానాలు మబ్బుల కిందకు వెళ్లి రసాయనాలు మండించి వచ్చేవి. వాన దానివల్లే పడిందా, ఎలాగూ పడేదా అన్న వాదన మాత్రం తేలలేదు.

తాళం ఎవరు వేస్తారు?

కారు తీసి రోడ్డెక్కినంత తేలిక కాదు, సొంత విమానం ఎగరేయడం. ఎక్కడ బయల్దేరి ఎటు పోతున్నారో ముందే ఫ్లయిట్ ప్లాన్ ఇవ్వాలి. వాయు రక్షణ విభాగం నుంచి అనుమతి నంబరు తెచ్చుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆ రోజు ‘నోటామ్‌’లు చదవాలి. ఫలానా చోట, ఫలానా ఎత్తు వరకూ, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఆకాశం మూసేశాం అని పైలట్లకు ఇచ్చే నోటీసులివి. బెంగళూరు పక్కన యలహంకలో రెండేళ్లకోసారి ఏరో ఇండియా జరిగినప్పుడు అంత పెద్ద కెంపేగౌడ విమానాశ్రయమే రోజూ కొన్ని గంటలు ఆగిపోతుంది. యుద్ధవిమానాలు పల్టీలు కొట్టే చోట మరొకటి తిరగకూడదు కదా! ప్రముఖులు వచ్చినప్పుడూ అంతే. ఇందులో తప్పుపట్టాల్సింది లేదు. పైలట్‌కి నోటీసు చదవడం ఉద్యోగంలో భాగం. ఓ పూట ఆలస్యంగా వెళ్తాడు.

పేచీ అంతా కింద ఎగిరేవాళ్లతోనే.

ఇప్పుడు అనంతపురం పల్లెల్లో పైలట్ అంటే తెల్లచొక్కా, భుజాన చారలు అక్కర్లేదు. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండి, శిక్షణ తీసుకుంటే డ్రోన్ పైలట్ కావచ్చు. పది లీటర్ల మందు ట్యాంకుతో లేచిన డ్రోన్ ఎకరం చేనును పది నిమిషాల్లోపే తడిపేస్తుంది. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం లక్ష్యం 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వడం. ఖర్చులో 80 శాతం దాకా, గరిష్ఠంగా 8 లక్షలు సాయం.

వీళ్లకు ఆకాశపు హద్దులు చెప్పేది 2021 డ్రోన్ నిబంధనలు. ఆన్‌లైన్ మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ప్రాంతాలుంటాయి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ఎగరేసుకోవచ్చు. అయితే ఎస్పీ స్థాయికి తగ్గని పోలీసు అధికారి తలచుకుంటే ఏ ప్రాంతాన్నయినా 96 గంటల వరకూ తాత్కాలికంగా ఎరుపు చేయొచ్చు. ఆ ప్రాంతం అవసరానికి మించి ఉండకుండా చూడాలనీ ఆ నిబంధనల్లోనే ఉంది. కానీ ఎంతయితే అవసరం అన్నది లెక్కగట్టేదీ ఆ అధికారే!

96 గంటలంటే నాలుగు రోజులు. ఏముందిలే అనుకుంటాం. కంది రైతు అలా అనుకోలేడు.

సత్యసాయిబాబా జయంతి నవంబరు 23. శతజయంతి కావడంతో 2025లో 19న ప్రధాని, 22న రాష్ట్రపతి, 23న ఉపరాష్ట్రపతి వచ్చారు. అయిదు రోజుల్లో ముగ్గురు! ఇక్కడి కంది పూతకూ పిందెకూ వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే. మారుకా మచ్చల పురుగు, శనగపచ్చ పురుగు తగులుకునే సమయం. పిల్లపురుగుగా ఉన్నప్పుడే మందు పనిచేస్తుంది. కాయలోకి దూరాక ఎంత కొట్టినా డబ్బు దండగ. అలాంటి వారంలో ఆకాశం మూస్తే ఆ సంగతి చేలో ఉన్న మనిషికి ముందే తెలియాలి.

తెలిసేదెలా? నోటీసు పెట్టేది ఆన్‌లైన్‌లో. ఎగరేసే ముందు మ్యాపు చూసుకోవాల్సిన బాధ్యత పైలట్‌దే. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుందంటే ఆ రోజు వేటకు వెళ్లొద్దని తీరంలోని మత్స్యకారులకు ముందుగా చెబుతారు. సముద్రం మీద చేస్తున్నది చేల మీద చేయడానికి అడ్డేముంది? పుట్టపర్తి చుట్టూ పల్లెల్లో సచివాలయాలున్నాయి, రైతు సేవా కేంద్రాలున్నాయి. ఫలానా తేదీన డ్రోన్ ఎగరకూడదు అని బోర్డు మీద తెలుగులో ఒక్క ముక్క రాసిపెడితే రైతు రెండు రోజులు ముందే మందు కొట్టించుకుంటాడు.

లేదంటే పాత పద్ధతే గతి. తైవాన్ పంపు వీపున కట్టుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, ఛాతీ ఎత్తు పెరిగిన కందిసాళ్ల మధ్య మందుపొగలో నడవాలి. డ్రోన్‌కి పది నిమిషాలు పట్టే ఎకరానికి మనిషికి గంటలు పడుతుంది. బిందెలతో నీళ్లు మోసేందుకు పక్కన ఇంకో మనిషి. ఇద్దరి కూలీ, భోజనం... పోనీ అంటే, నవంబరులో మనుషులు దొరకాలిగా!