ఎడారిలో పచ్చిక



అమెరికా దేశపు నైరుతి దిక్కున ఉన్న అరిజోనా ఎడారి ప్రాంతాన్ని 2023 ఫిబ్రవరిలో దర్శించే అవకాశం దేవుడు మాకు దయచేశాడు. మమ్మల్ని తన కారులో త్రిప్పినవారు ఉత్తరాన ఉన్న మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన ఒక సంఘ పెద్ద. ఆయన వ్యవసాయం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. చలికాలంలో వారి సరస్సులు గడ్డకట్టి, పొలాలు మంచుతో కప్పబడతాయి. కనుక ఆ ప్రాంతపు వృద్ధులు అనేకులు కొన్ని నెలలు దక్షిణాదికి వచ్చి ఉంటారు. మన కొల్లేటికి వచ్చే వలస పక్షుల వలె వీరిని అక్కడ "మంచు పక్షులు" అని పిలుస్తారు.

ఆ పెద్దగారికి గోల్ఫ్ ఆట ప్రీతి. చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టి, దూరాన ఉన్న గుంటలో వేయాలి. అటువంటి గుంటలు 18. తక్కువ దెబ్బలతో ముగించినవారే విజేత. ఫీనిక్స్ నగరం దగ్గర ఆయన ఆడుతుండగా మేము వెంట నడిచాము. కాళ్లక్రింద పచ్చని తివాచీ వంటి గడ్డి. నాలుగు అడుగులు ప్రక్కకు వేస్తే ఇసుక, రాళ్లు, ముళ్లపొదలు. బంతి పొదలో పడితే చెయ్యి పెట్టవద్దన్నారు. తోకతో గిలక వలె చప్పుడు చేసే విషసర్పాలు అక్కడ ఉంటాయట.

ఫీనిక్స్‌లో ఏడాదికి సగటున 8 అంగుళాల వాన కూడా పడదు. మన అనంతపురం వర్షంలో సగమైనా లేదు! చలికాలంలో అక్కడి గడ్డి ఎండిపోతుంది గనుక శరదృతువులో వేరొక రకం విత్తనం చల్లి, నీరు పెట్టి పచ్చగా ఉంచుతారు.

ఆ ప్రక్కనే సృష్టికర్త నాటిన సగువారో జెముడు నిలిచి ఉంది. అది 40 అడుగుల వరకు పెరుగుతుంది. మొదటి కొమ్మ వేయడానికే 50 ఏళ్లకు పైగా పడుతుంది. వాన కురిసినప్పుడు దాని మడతలు విచ్చుకొని నీటిని దాచుకుంటాయి. వడ్రంగిపిట్టలు దానిలో గూళ్లు తొలుస్తాయి. దానికి నీరు పోసేవారు ఎవరూ లేరు.

తరువాత గ్రాండ్ కాన్యన్ చూశాము. కొలరాడో నది కోసిన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు ఒక మైలుకు పైగా ఉంది. దాని అంచున నిలిచి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము. అదే నదిపై దిగువన 1935లో ప్రతిష్ఠించిన హూవర్ ఆనకట్ట ఉంది. ఎత్తు 726 అడుగులు. దాని వెనుక మీడ్ సరస్సు గట్టు రాళ్లపై, నీరు దిగిపోయిన మేర తెల్లని చార కనిపించింది. 2022 జూలైలో ఆ సరస్సు మట్టం 1937 తరువాత ఎన్నడూ లేనంతగా తగ్గింది.

ఆ నది నీటిని పంపులతో ఎత్తిపోసి, 336 మైళ్ల కాలువ ద్వారా ఫీనిక్స్‌కు, టూసాన్‌కు తెస్తారు. టూసాన్‌కు వెళ్లే దారిలో పినాల్ అనే ప్రాంతంలో ప్రత్తి చేలు బీడుగా కనిపించాయి. నీటి కొరతవలన 2022లో అక్కడి రైతులకు కాలువ నీరు చాలావరకు నిలిపివేశారు. హక్కుల వరుసలో వారు చివరివారు.

పెద్దగారు కారు ఆపి, చేనిలోనికి దిగి, మట్టి పిడికిట పట్టుకున్నారు. "చాలా గోల్ఫ్ మైదానాలకు శుద్ధిచేసిన మురుగునీరే పెడతారు, నిజమే. అయినా నేను ఆడిన గడ్డి పచ్చగా ఉంది, ఈ రైతు చేను ఎండింది. నాకు మింగుడుపడటం లేదు" అన్నారు. మేము బదులు చెప్పలేదు.

గెరారు లోయలో ఇస్సాకు త్రవ్విన బావుల కోసం కాపరులు జగడమాడిన సంగతి ఆదికాండము 26వ అధ్యాయములో ఉంది. మన పల్లెలలోనూ ఒకరి లోతైన బోరు ప్రక్కవాని బావిని ఎండగడుతున్నది కదా! చట్టప్రకారం తప్పు లేకపోవచ్చు. అయితే పొరుగువానిని ప్రేమించుమన్న ఆజ్ఞ నీటికి కూడా వర్తిస్తుంది.

మన పెరడు పచ్చగా ఉన్నప్పుడు దేవుని స్తుతిద్దాము. ఆ నీరు ఎక్కడనుండి వస్తున్నదో, ఎవరికి అందకుండా పోతున్నదో కుటుంబముగా కూర్చుండి ఆలోచిద్దాము. మన బోరు ప్రక్కన ఎండిన చేను ఉంటే, ఈ వేసవిలో ఒక తడి వారికిద్దాము. ప్రభువు మనకు అట్టి మనస్సు అనుగ్రహించును గాక. ఆమేన్.