మా అమ్మాయి అడవి చదువు

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మన సంఘం క్లాసులోనే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన ఉగాది కూటంలో ఒకరు అందరి ముందూ అడిగారు: "ఏమన్నా, మీ అమ్మాయి కంపెనీ ఉద్యోగం వదిలేసి ఆఫ్రికాలో జంతువులు చూపించే పనికి పోయిందంట, నిజమేనా?" పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ మనసు బాగాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే, మొదట వద్దన్నది నేనే. ముప్పైనాలుగేళ్లు రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. నెలనెలా జీతం రాని పని పనే కాదని నా లెక్క. తను దాచుకున్న డబ్బుతోనే బయలుదేరింది. అన్నేళ్లు స్టేషన్లో గడిపినవాణ్ణి, కన్నకూతుర్ని రైలెక్కించడానికి మాత్రం పోలేదు.

శిక్షణ దక్షిణాఫ్రికాలో, క్రూగర్ నేషనల్ పార్కు పక్కనున్న అడవిలో. ఆ పార్కు 1926లో ఏర్పడింది, సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. గైడ్ అంటే జీపు తోలి సింహాన్ని చూపించేవాళ్లని అనుకున్నాను. అది కాదు. గైడ్లకు పరీక్షలు పెట్టడానికి అక్కడ 1990 నుంచి ఫీల్డ్ గైడ్స్ అసోసియేషన్ ఉంది. చెట్లు, పక్షులు, రాళ్లు, నక్షత్రాలు, అడుగుజాడలు, అన్నీ చదవాలి. రాతపరీక్ష అయ్యాక, పరీక్ష పెట్టేవారిని జీపులో కూర్చోబెట్టుకుని అడవి చూపించాలి.

మొదటి రెండు నెలలు వాళ్లమ్మతోనే మాట్లాడేది. ఒక ఆదివారం ఫోన్ నాకిమ్మంది. "నైనా, హైనాను మనలో ఏమంటారు?" అనడిగింది. నాకు తెలిసింది తమిళ మాటే, కళుదైపులి, అంటే గాడిదపులి. మన టీచరమ్మను అడిగితే దుమ్ములగొండి అన్నారు. దుమ్ము అంటే ఎముక అని కూడా అర్థముందట. మరుసటి వారం ఆ మాట చెప్పగానే అమ్మాయి ఫోన్లోనే కేక పెట్టింది. హైనా ఎముకలను కొరికి తినేస్తుందట. అందుకే దాని పెంట ఎండితే సున్నంలా తెల్లగా ఉంటుందట. అది చూసే, హైనా ఈ దారిన పోయిందని గుర్తుపడతారట.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఫోన్ నాదే. జిరాఫీ శాస్త్రీయ నామంలో కామెలోపార్డాలిస్ అని ఉంది, ఒంటె, చిరుత కలిసిన మాట అని చెప్పింది. నేను బడిలో చదివిన తమిళ పేరు ఒట్టగచ్చివింగి. ఒట్టగం అంటే ఒంటె, సివింగి అంటే చిరుతలాంటిది. "ఈ ప్రశ్నకు నేను పాసయ్యానమ్మా" అన్నాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

ఇప్పుడు అడుగుజాడల ఫోటోలు పంపి "చదువు నైనా" అంటుంది. సింహం, చిరుతపులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, మట్టిమీద పడవు. హైనా గోళ్లు పడతాయి. నేను అరవై దాటాక అచ్చులు, హల్లులు కూడబలుక్కున్నట్టే తనూ మట్టిమీద కూడబలుక్కుంటోంది.

ఒకరోజు నడుస్తుంటే ఆడ ఏనుగు ఎదురైందట. అక్కడ ఆడవాటికీ దంతాలుంటాయి. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి తగ్గారట. అమ్మకు చెప్పొద్దంది. చెప్పలేదు. పాపం, ఇది చదివే తెలుసుకుంటుంది.

పరీక్ష వచ్చే నెల. తర్వాత పని అక్కడ దొరుకుతుందో, ఇక్కడో, ఇంకా తేలలేదు. ఆ భయం నాకు పోలేదు. కానీ ఈసారి కూటంలో ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోను. "అవునన్నా, గైడ్ పనికే చదువుతోంది, కూర్చోండి చెప్తాను" అంటాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఇలాంటి చదువు అడిగితే, కాదనే ముందు ఒకసారి నాతో మాట్లాడండి.

తను తిరిగొచ్చే రోజు స్టేషన్‌కు నేనే పోతాను.