ఆ 7 ఎక్కడికి వెళ్లింది?

ఈ నెల ఈ పేజీలో నేను చేసిన ఒక పొరపాటు గురించి మీతో చెప్పాలనుకుంటున్నాను.

నేను 7వ తరగతికి మ్యాథ్స్ చెబుతాను. జూలై చివర్లో సింపుల్ ఈక్వేషన్స్ పాఠం మొదలుపెట్టాను. బోర్డు మీద 3ఎక్స్ + 7 = 22 అని రాసి, "ఈ ప్లస్ 7ని అటు పంపిస్తే మైనస్ 7 అవుతుంది" అన్నాను. రెండో బెంచీలోంచి ఒక పాప చెయ్యెత్తింది.

"మేడమ్, అటు వెళ్తే ప్లస్ ఎందుకు మైనస్ అవుతుంది?"

పీరియడ్ అయిపోవడానికి పది నిమిషాలే ఉంది. సిలబస్ అప్పటికే వెనకబడింది. "అది రూల్ అమ్మా. గుర్తు పెట్టుకో చాలు" అని తరువాతి లెక్కలోకి వెళ్లిపోయాను. పాప కూర్చుంది.

సెప్టెంబర్ పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు స్లిప్ టెస్ట్ పేపర్ తెచ్చి నా ముందు పెట్టారు. "ఇంట్లో క్షణం ఊరుకోదు మేడమ్. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంది. లెక్కల్లో డౌట్లుంటే మీ మేడమ్‌ని అడగమ్మా అంటే మాత్రం, 'అవి రూల్స్ మమ్మీ, అడగకూడదు' అంటోంది. ట్యూషన్ పెట్టించమంటారా?"

నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. పేపర్ వైపు చూశాను. లెక్క 4ఎక్స్ + 6 = 26. పాప 6ని సరిగ్గానే తీసేసి 4ఎక్స్ = 20 దాకా వచ్చింది. తరువాతి లైన్‌లో 20ని మైనస్ 4తో భాగించి, ఎక్స్ = −5 అని రాసింది. దాని మీద నా ఎర్ర పెన్ను గీత ఉంది.

ఆ పాప ఆలోచన నాకు అప్పుడు అర్థమైంది. 4 అటు వెళ్లింది కాబట్టి గుర్తు మార్చింది. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అన్నది నేనే కదా! నేను చెప్పిన మాటను తు.చ. తప్పకుండా పాటించినందుకే మార్కులు పోగొట్టుకుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదువుకున్నాను. "పక్షాంతరం చేయగా" అని కొన్ని వందల సార్లు రాసి ఉంటాను. ఎందుకు అని ఎప్పుడూ అడగలేదు, మార్కులు వచ్చేవి కాబట్టి. బీఈడీలో లెసన్ ప్లాన్ రాసిన ప్రతిసారీ "తెలిసిన దాని నుంచి తెలియని దానికి" అన్న సూత్రం రాశాను. క్లాసులో నిలబడ్డాక మాత్రం పక్షాంతరాన్నే 'ట్రాన్స్‌పోజ్' అని ఇంగ్లిష్‌లో చెప్పి పిల్లలకు అప్పగించేశాను.

మరుసటి వారం ఆ పాఠాన్ని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. బోర్డు మీద త్రాసు బొమ్మ గీసి "ఇదేంటి?" అన్నాను. "సినిమాల్లో కోర్టులో ఉంటుంది మేడమ్!" అని వెనక బెంచీవాళ్లు అరిచారు. నిజమే, వీళ్లు చూసే కిరాణా కొట్టులో ఉండేది ఎలక్ట్రానిక్ కాటా. నాకు తెలిసినది వాళ్లకు తెలిసినది కాదు.

ఆ మర్నాడు మా అమ్మ అష్టాచమ్మా కోసం దాచిన చింతపిక్కలు, పెళ్లిళ్లలో చదివింపులకు వాడే కవర్లు మూడు తీసుకెళ్లాను. ఒక్కో కవర్‌లో సమానంగా పిక్కలు వేసి అంటించేశాను. టేబుల్‌కి ఎడమ వైపు మూడు కవర్లు, విడిగా 7 పిక్కలు. కుడి వైపు 22 పిక్కలు. "రెండు వైపులా లెక్క సమానం. కవర్ చింపకుండా అందులో ఎన్ని ఉన్నాయో చెప్పాలి" అని ఆ పాపనే పిలిచాను.

కాసేపు చూసి ఎడమ వైపు నుంచి 7 పిక్కలు తీసేసింది. "ఇప్పుడు సమానంగా ఉన్నాయా?" అన్నాను. లేవని తల ఊపి, కుడి వైపు నుంచి కూడా 7 తీసేసింది. మూడు కవర్లు, 15 పిక్కలు మిగిలాయి. 15ని మూడు కుప్పలు చేసి ఒక్కో కవర్ పక్కన ఒక్కో కుప్ప పెట్టింది. "5 మేడమ్."

"మరి ఆ 7 అటు వెళ్లిందా?"

"ఎక్కడికీ వెళ్లలేదు మేడమ్. రెండు వైపులా తీసేశాం." ఒక్క క్షణం ఆగి, "మరి టెస్టులో 4కి మైనస్ ఎందుకు పెట్టాను?" అంది.

"నేను చెప్పాను కాబట్టి" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఈక్వేషన్‌లో ఉన్న రహస్యమంతా ఆ రెండు చిన్న గీతల్లోనే ఉంది. 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన '=' గుర్తును తన పుస్తకంలో వాడినప్పుడు, రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేముంటాయని కారణం చెప్పాడు. మన పిల్లల్లో చాలామందికి మాత్రం '=' అంటే "ఇక ఆన్సర్ రాయాలి" అని అర్థం. అందుకే 22 − 7 = 15 ÷ 3 = 5 అని ఒకే వరుసలో రాసేస్తారు. చివరి ఆన్సర్ కరెక్టే. కానీ 22 − 7, 5 సమానమని రాసినట్టయింది!

స్టెప్స్ రాయమని మేం పట్టుబట్టేది మార్కుల కోసమే కాదు. ప్రతి లైన్‌లో రెండు వైపులా ఏం చేశామో కనబడితే, తప్పు ఏ లైన్‌లో జరిగిందో పిల్లలే పట్టుకుంటారు. చివర్లో సరిచూసుకోవడం కూడా అంతే. −5ని 4ఎక్స్ + 6లో పెట్టి చూసి ఉంటే −14 వచ్చేది, 26 కాదు. ఆ పాప తప్పు తనకే తెలిసిపోయేది.

ఇంట్లో మీరు మూడు పనులు చేయగలరు. వీటికి మీకు ఆల్జీబ్రా రానక్కర్లేదు, ఇంగ్లిష్ కూడా రానక్కర్లేదు.

"ఆన్సర్ ఎంత?" అనే బదులు "ఈ లైన్ నుంచి కింది లైన్‌కి ఎలా వచ్చావు?" అని అడగండి. తెలుగులో చెప్పినా సరే, చెప్పనివ్వండి.

"అటు వెళ్లింది" అంటే "రెండు వైపులా ఏం చేశావు?" అని అడగండి.

వచ్చిన ఆన్సర్‌ని మొదటి లైన్‌లో పెట్టి చూడమనండి. రెండు నిమిషాల పని.

ఇక ఆ పాప సంగతి. కిందటి వారం మళ్లీ చెయ్యెత్తింది. "మేడమ్, రెండు వైపులా ఒకే పని చేయొచ్చన్నారు కదా. రెండు వైపులా 0తో గుణిస్తే?" ఈసారీ బెల్లుకు పది నిమిషాలే ఉంది. చాక్‌పీస్ తన చేతికే ఇచ్చాను. బోర్డు మీద 0 = 0 అని మిగిలింది. దాన్నే చూస్తూ కాసేపు నిలబడింది. "సమానమే మేడమ్. కానీ ఎక్స్ పోయింది. పిక్కలూ కవర్లూ అన్నీ తీసి పారేసినట్టు. ఇక కవర్‌లో ఎన్ని ఉన్నాయో ఎప్పటికీ తెలీదు" అంది.

ఆ రోజు అనుకున్న లెక్కల్లో రెండు మిగిలిపోయాయి. సాయంత్రం వాళ్లమ్మగారికి ఫోన్ చేసి, ట్యూషన్ అక్కర్లేదని చెప్పాను.

మీ పిల్లలెవరికైనా నేను ఎప్పుడైనా "అది రూల్, అంతే" అని చెప్పి ఉంటే, దయచేసి వాళ్లను మళ్లీ నా దగ్గరకు పంపించండి. ఈసారి కూర్చోమనను.

— 7వ తరగతి మ్యాథ్స్ టీచర్