వ్యాన్‌కు సింథటిక్ ఆయిల్ పోసిన ముచ్చట

మన గల్లీల్లో వ్యాన్లు, రిక్షాలు నడిపేటోళ్లు చాలామందే ఉన్నరు. "మీ వ్యాన్‌ల సింథటిక్ ఆయిల్ పోసిన్రట గదా మామా, ఇంజన్ ఖరాబైందంటున్రు, నిజమేనా?" అని ఈ రెండు నెలల్లో నలుగురన్నా అడిగిన్రు. ఒక్కొక్కరికి నిలబడి చెప్పే ఓపిక లేదు, అందుకే రాస్తున్న. నాది నాలుగో తరగతి చదువు, అదీ తెలుగు బడిల. అక్షరాల్లో తప్పులుంటే సర్దుకోండి. ముందే ఒక మాట చెప్త, ఇంజన్ ఖరాబు కాలేదు.

నేను షోలాపూర్‌ల ఒక మిల్లుల రింగు ఖాతాల ఆయిలర్‌ను. బదిలీగా చేరి, పర్మనెంట్ అయి, మిల్లు మూతపడే దాక పదిహేడేండ్లు అదే పని. ఆ తర్వాత తువాళ్ల కార్ఖానాల సాంచెల మీద చేసిన, గాని నా అసలు పని నూనె పనే. ఒక్కో ఫ్రేముకు 400 దాక స్పిండిళ్లు ఉంటయి. ఒక్కొక్కటి నిమిషానికి 10,000 చుట్ల పైన తిరుగుతది. దాని అడుగున పోసే ఆయిల్ నీళ్ల లెక్క పలచగా ఉండాలె. చిక్కటిది పోస్తే స్పిండిల్ వేడెక్కుతది, కరెంటు ఎక్కువ తింటది. గేర్ల కాడికి పోతే మాత్రం చిక్కటిది. జోరుగా తిరిగేదానికి పలచది, నింపాదిగా బరువు మోసేదానికి చిక్కటిది అని జాబర్ నాకు మొదటి వారంలనే నేర్పిండు. ఒక్క చుక్క నూలు మీద పడితే మరక, మరక పడితే తిట్లు.

ఇంత తెలిసినోన్ని, ఇంటి వ్యాన్ కాడికి వచ్చేసరికి మాత్రం చిక్కటి ఆయిల్ అంటేనే బలం అనుకున్న. ఎందుకనుకున్ననో ఇప్పటికీ నాకే తెల్వదు.

మాది పాత వ్యాన్. ముందు సీటు కిందనే ఇంజన్ ఉండే రకం. సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నం, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. నా కొడుకు పొద్దున, సాయంత్రం బడి పిల్లలను తిప్పుతడు. మా ఆమె చుట్టే బీడీలు, ఈ వ్యాను, ఈ రెండిటి మీదనే ఇల్లు నడుస్తది. అందుకే దాంట్ల ఏం పోసినా నాకు గుండె దడ.

పోయిన ఎండాకాలం కొడుకు కొత్త డబ్బా తెచ్చిండు. ఎప్పుడూ పోసే 20డబ్ల్యూ-40 మూడు లీటర్లు వెయ్యి రూపాయల్లో అయ్యేది. ఇది సింథటిక్, 5డబ్ల్యూ-30, రెండు వేల పైన. "నీళ్ల లెక్క ఉన్నది, దీనికి ఇన్ని పైసలా? షోలాపూర్ ఎండల ఇది నిలుస్తదా?" అని నేను గట్టిగానే అడిగిన. కొడుకు కోపానికొచ్చి, "బాపూ, నీ మిల్లు కాలం అయిపోయింది" అన్నడు. ఆ మాట కొంచెం తగిలింది.

మా మనవరాలు వ్యాన్ డబ్బాలున్న కంపెనీ పుస్తకం తీసి చదివింది. ఎంత వేడికి ఏ నంబరు ఆయిల్ అని దాంట్ల పట్టీ ఉన్నది. 5డబ్ల్యూ-30 కూడా అండ్ల ఉన్నది. నేను ఇంకేం మాట్లాడలే. డబ్ల్యూ అంటే చలికాలమట. దాని ముందున్న నంబరు ఇంజన్ చల్లగా ఉన్నప్పటి లెక్క, వెనుకది ఇంజన్ వేడెక్కినంక లెక్క. 5 అంటే పొద్దున్నే చావి తిప్పంగనే తొందరగా పైకెక్కుతది. ఇంజన్ ఎక్కువ అరిగేది ఆ మొదటి ఘడియల్లనేనట.

సింథటిక్ అంటే ఏందని గ్యారేజీ చాచాను అడిగిన. ఆయన చెప్పింది నాకు మన పని భాషల ఇట్ల అర్థమైంది. మామూలు ఆయిల్ కార్డెడ్ నూలు అసుంటిది. భూమిల నుంచి తీసిన నూనెను శుద్ధి చేస్తరు గాని, దాంట్ల పొట్టి పోగులు, పొడుగు పోగులు కలిసే ఉంటయి. వేడికి పొట్టివి ఆవిరైపోతయి, చలికి కొన్ని మైనం లెక్క గట్టిపడతయి. సింథటిక్ అంటే కోంబింగ్ చేసిన నూలు. పోగులన్నీ దాదాపు ఒక్క తీరుగ ఉండేటట్టు తయారు చేస్తరు, అందుకే వేడికి తొందరగా చెడదు. సెమీ సింథటిక్ ఏమో పాలిస్టర్ కలిపిన కాటన్ లెక్క, రెండూ కలిపింది. ఇది విన్నంక మనసు కొంచెం ఒప్పుకున్నది.

ఆయిల్ మార్చిన మూడు వారాలకు, ఒక పొద్దున వ్యాన్ కింద నేల మీద నల్లటి మరక కనబడ్డది. సీటు కింద నుంచి కాలిన నూనె వాసన. సీటు లేపి డిప్‌స్టిక్ తీసి తుడిచి చూసిన. కింది గీత కాడ సన్నగా తడి, అంతే. కొడుకును లేపి, "ఎన్ని రోజులైంది చూసి?" అని అడిగిన. "సింథటిక్ గదా బాపూ, పది వేల కిలోమీటర్ల దాక ముట్టే పని లేదన్నరు. ఎర్ర బత్తి కూడా వెలగలేదు" అన్నడు.

నేను ఎంత గట్టిగ అరిచిననంటే పక్కింటోళ్లు బయటికొచ్చిన్రు. ఎందుకరిచిననో రాస్త. మిల్లు మూతపడే ముందు ఏడాది స్టోర్ల ఆయిల్ సరిగ వచ్చేది కాదు. ఉన్నదాంతోనే నడిపించు అన్నరు. ఎండిన స్పిండిల్ కీచుమని అరిస్తే నాకు తెల్వదా? నూలు తెగేది, పోగులు అతికేటోళ్లు ఉరుకుతనే ఉండేటోళ్లు, తిట్లు వాళ్లకే పడేయి. నాకు అంతా తెల్సి కూడా నౌకరి పోతదని నోరు మూసుకున్న. నౌకరి ఎట్లాగూ పోయింది. రావలసిన పైసలు కూడా పూర్తిగా రాలేదు. ఇంకోసారి ఎండిన మిషన్ పక్కన మాట్లాడకుంట నిలబడొద్దని నాకు లోపల ఉండె. ఇప్పుడైతే ఆ వ్యాన్‌ల పిల్లలు కూసుంటరు.

మా ఆమె బీడీల చాట పక్కన పెట్టి, "ఆయిల్ పంచాయితీ తర్వాత పెట్టుకోన్రి, ముందు గ్యారేజీకి తీసుకపోన్రి" అన్నది. ఆ పూట పిల్లలకు పక్క గల్లీ వ్యాన్ చెప్పినం.

చాచా ఇంజన్ పై మూత విప్పిండు. దాని రబ్బరు ప్యాకింగ్ వేయించిన అప్పడం లెక్క గట్టిపడి చేతుల్నే విరిగింది. "ఇది నూనె తప్పు కాదు భాయ్. ఈ ప్యాకింగ్ ఎప్పుడో పోయింది. పాత మడ్డి గడ్డకట్టి సందులు మూసి ఉండె. కొత్త ఆయిల్ మడ్డిని కడిగేసరికి కారింది" అన్నడు. పాత ఇంజన్ కాబట్టి పలచటి ఆయిల్ లోపల కొంచెం కాలి కూడా ఉంటదన్నడు. కొత్త ప్యాకింగ్ వేసి, తక్కువైన ఆయిల్ పోసిండు. కొడుకు దిక్కు తిరిగి, "ఎర్ర బత్తి ఆయిల్ తగ్గిందని చెప్పడానికి కాదు బేటా, ప్రెషర్ పోయినంక వెలుగుతది. అది వెలిగితే అక్కడనే బంద్ చేయాలె" అన్నడు. కొడుకు తల దించుకున్నడు. నేను కూడా, ఆయిల్‌ను అనవసరంగ తిట్టినందుకు.

అడిగినోళ్లకు నేను చెప్పేదేందంటే, పాత బండికి సింథటిక్ పోయొద్దని ఏం లేదు. పోసే ముందు ప్యాకింగులు, సీళ్లు చూపించుకోండి, ఒకటి రెండు చోట్ల తడి ఉంటే ముందే మార్పించండి. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లా మామూలు ఆయిల్‌కు రావద్దు అనేది ఉత్త మాట, రావచ్చు. దారిల తక్కువైతే, దొరికిన మామూలు ఆయిల్ అదే నంబరుది కలిపినా ఇంజన్ పట్టుకోదు. నంబరు మాత్రం బండి పుస్తకంల ఉన్నదే చూడాలె, దుకాణపోడు చెప్పింది కాదు. డబ్బా మీద ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు పెట్రోలు బండ్లకు, సి‌తో మొదలయ్యేవి డీజిల్‌కు. కొత్త ఆయిల్ తొందరగా నల్లబడితే భయపడొద్దు, మడ్డిని కడుగుతున్నదని అర్థం. మా వ్యాన్ రోజంతా ఆగుతా పోతా తిరిగే బండి కాబట్టి, సింథటిక్ అయినా పుస్తకంల రాసిన గడువుకే మారుస్తున్నం, పొడిగిస్తలేం. చేతుల పైసలు లేకపోతే మామూలు ఆయిలే పోయండి, టైముకు మార్చండి. దాంతోని లక్ష కిలోమీటర్ల పైన నడిచిన బండే మాది.

ఇంజన్ చప్పుడు ఇప్పుడు తగ్గింది, పొద్దున చావి తిప్పంగనే పట్టుకుంటది. పెట్రోలు మిగులుతుందని కొడుకు అంటడు, నాకైతే అంత తేడా కనబడలే.

రోజూ ఆరు గంటలకు సీటు లేపి, పత్తి వేస్టు ముద్దతోని డిప్‌స్టిక్ తుడిచి చూస్త. మొన్న నేను లేచేసరికే ఆ ముద్ద నల్లగై సీటు మీద ఉన్నది. కొడుకు చూసి, చాయ్ తాగనీకి పోయిండు. నేను మళ్లొకసారి చూసిన.