పాలపిట్ట దర్శనం

వినాయకచవితి పత్రి నీళ్లలో కలిపామంటే చాలు, నా కాళ్లు ఇంట్లో నిలవవు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిపిల్లలకు లెక్కలు చెప్పాను. విరమించాక పిట్టల లెక్క వేస్తున్నాను. మెడలో దుర్భిణి, సంచిలో మంచినీళ్ల సీసా, ఓ నోటుపుస్తకం - ఈ వేషంతో తెల్లవారకముందే బయలుదేరుతూ వుంటే మా ఆవిడ, "పెళ్లిచూపులనాడు నన్నైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అంటుంది. జవాబు చెప్పి గెలవగలనన్న ఆశ నాకు ఎన్నడూ లేదు.

మాది కాకినాడ. భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చేవేళ మా తీరానికి చుట్టాల తాకిడి ఎక్కువ. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు, ఎదురుగా సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుగోడలా పడుకున్న హోప్ దీవి - ఈ రెండింటి పుణ్యమా అని ఇక్కడ అలలు మెత్తబడి, బురదమేటలు నిలుస్తాయి. దక్షిణాన కోరింగ మడ అడవులు. 1978లో వాటిని అభయారణ్యంగా ప్రకటించారు. సముద్రం పాటు మీద వుండగా కుంభాభిషేకం వైపు వెళ్లి నిలబడితే, నీరు తీసిన బురదమీద వేలకొద్దీ ఉల్లంకి పిట్టలు కుట్టుమిషను సూదుల్లా ముక్కులు ఆడిస్తూ కనిపిస్తాయి. పురుగులు, చిన్నచిన్న గుల్లలు వాటి ఫలహారం.

వాటిలో స్టింటు అని ఒకటుంది. మన పిచ్చుకంత వుంటుంది. తూకం వేస్తే పాతిక ముప్ఫై గ్రాములు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, సైబీరియా చివర గుడ్లు పెట్టి, అక్కడ చలి ముదరకముందే మన దేశం వస్తుంది. ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పట్టించుకుంటుంది, అదే దారిబత్తెం. ఈ జాతి వలసపిట్టల్లో చాలావాటికి ఓ విచిత్రమైన అలవాటుంది. పెద్దవి ముందే బయలుదేరిపోతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు, కొన్ని వారాల తరువాత, ఎన్నడూ చూడని దారిన తమంతట తామే వస్తాయి. 2022లో గాడ్‌విట్ అనే పిట్ట ఒకటి, పుట్టి ఐదు నెలలైనా నిండాయో లేదో, అలాస్కా నుంచి టాస్మేనియాదాకా 13,560 కిలోమీటర్లు ఎక్కడా వాలకుండా పదకొండు రోజుల్లో ఎగిరివెళ్లింది. దాని వీపుకు కట్టిన చిన్న యంత్రం ఆ సంగతి చెప్పింది.

ఇది మా అమ్మకు చెబితే, "దారి ఎవరు చెప్పార్రా వాటికి?" అని అడిగింది. ఎనభైనాలుగేళ్ల మనిషి. ఒక కంటికి శుక్లం తీయించాం, రెండోది ఆవిడ తీయించుకోనంటుంది.

ఒక రోజు సముద్రం, ఒక రోజు పొలాలు - ఇదీ నా పద్ధతి. కాలవగట్టున నడుస్తూంటే సార్వా వరి పచ్చగా ఊగుతూ వుంటుంది. రెల్లు తెల్లగా పూసి వుంటుంది. తోక ఆడిస్తూ కాటుకపిట్ట తగులుతుంది. పూర్వకవులు శరత్తుతో జతకట్టిన ఖంజరీటం ఇదే. కరెంటు తీగమీద పసులపోలిగాడు, ఆ పక్కనే లకుముకిపిట్ట. ఇంకాస్త ముందుకు వెళ్తే, ఏమీ ఎరగనట్టు మట్టిరంగులో ముడుచుకు కూర్చున్న పాలపిట్ట.

ఇక్కడే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కిందటేడు విజయదశమినాడు మా వీధిలోకి ఒకతను పంజరం పట్టుకుని వచ్చాడు. "పాలపిట్టను చూడండమ్మా, ఏడాదంతా జయం" అని కేకవేశాడు. మా అమ్మ గడపలోకి వచ్చి, చేతులు జోడించి, పిట్ట ముఖంలోకి ముఖంపెట్టి చూసింది. అరణ్యవాసం ముగించుకు వచ్చే పాండవులకు ఈ పిట్ట ఎదురైందని చిన్నప్పుడు మాకు ఆవిడే చెప్పింది. నేను ఇరవై రూపాయలు ఇచ్చాను. ఇస్తూండగా చూశాను - రెక్క ఈకలు జిగురుతో అతికించి వున్నాయి. కాలికి దారం. నోరు తెరిచి రొప్పుతోంది. పంజరంలో తడిపిన నూకలు పోశాడు. మిడతలు, పేడపురుగులు తినే పిట్ట అది. నూకలు దానికి తిండే కాదు.

ఇరవై ఏళ్లుగా దుర్భిణి మోస్తున్నవాణ్ణి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, బంధించడం నేరమని తెలిసినవాణ్ణి. ఉమ్మడి రాష్ట్రానికి అది రాష్ట్రపక్షి అనీ, ఇప్పుడు తెలంగాణకు అదేననీ, 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుందనీ నలుగురికీ ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఆ పూట నోరు మెదపలేదు. అమ్మ సంతోషం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. నేనిచ్చిన ఇరవై రూపాయలు వచ్చే ఏటి వలకు బయానా అని తెలిసీ ఊరుకున్నాను. పంజరం వీధి మలుపు తిరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ఏడు పండుగకు నాలుగు రోజుల ముందు ఆ సంగతి అమ్మతో చెప్పాను. వింటూ వింటూ జపమాల పక్కన పెట్టింది. చాలాసేపు మాట్లాడలేదు. "కిందటేడే ఎందుకు చెప్పలేదురా?" అన్నది చివరికి. "నాకు జయం కావాలని దాని రెక్కలు అతికించారా? ఈసారి పంజరం వస్తే తలుపు తియ్యకండి. ఎగిరేదాన్నే చూస్తాను. కనపడకపోతే మానె."

విజయదశమి సాయంత్రం అమ్మనూ, మా ఆవిడనూ ఆటోలో కాలవగట్టుకు తీసుకువెళ్లాను. మడతకుర్చీ వేసి కూర్చోబెట్టాను. పండుగపూట పాలపిట్ట మాత్రం రాలేదు! తీగమీద కాకి వాలితే "ఇదేనా?" అన్నది అమ్మ. కాదన్నాను. గోరువంక వాలితే మళ్లీ "ఇదేనా?" గంట గడిచింది. జమ్మిపూజకు వేళవుతోందని మా ఆవిడ గొణిగింది. రోజూ కనిపించే పిట్ట, కావాలన్ననాడు నా పరువు తీసింది.

పొద్దు వాలుతూండగా వచ్చి స్తంభంమీద కూర్చుంది. దుర్భిణి అమ్మ కళ్లకు పెట్టాను. ఆవిడకు కుదరలేదు, "అంతా మసక" అని పక్కకు నెట్టేసింది. వట్టి కళ్లతో చూస్తే స్తంభమే ఆనదు, ఇక మట్టిరంగు పిట్ట ఏం ఆనుతుంది? ఇంతలో అది గట్టుమీద మిడతను చూసి దూకింది. రెక్కలు విచ్చుకున్నాయి. ముదురునీలం, లేతనీలం - రెండు రంగులూ ఎండలో భగ్గుమన్నాయి.

"నీలం!" అన్నది అమ్మ. లేచి నిలబడి రెండుచేతులూ జోడించింది. అప్పటికే పిట్ట చేలమీదుగా వెళ్లిపోయింది. ఆవిడ దణ్ణం పెట్టిన దిక్కు పిట్ట వెళ్లిన దిక్కేనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. నిజంగా చూసిందో, నా మనసు కుదుటపడాలని అన్నదో నేను అడగలేదు.

మీ గుమ్మంలోకీ పంజరం రావచ్చు. డబ్బు ఇవ్వకండి. వీలైతే అటవీశాఖవారికి కబురు చెప్పండి. పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని ఊరి చివర తీగలకేసి చూడండి. ఓ గంట ఓపిక పట్టాలి, అంతే.

అన్నట్టు, మొన్న ఉదయం నా దుర్భిణి కనపడలేదు. వెతగ్గా వెతగ్గా డాబామీద మా ఆవిడ చేతిలో వుంది.