ముందు చక్రాల లెక్క

మార్చి 16, 2024, శనివారం

అల్లుడు పొద్దున్నే ఫొటోలు పంపించాడు. ఎవరో మోటోక్రాస్ మానేసి, ముందు షాకుల జత సగం ధరకి అమ్ముతున్నారట. "మావయ్యా, ఇలాంటి సరుకు మళ్ళీ దొరకదు, తీసేసుకుందాం" అంటాడు. సరుకు మంచిదే, కాదనను. కానీ అవి గాల్లోకి లేచి కిందపడే బండిని కాచుకోవడానికి చేసిన షాకులు. పొడుగెక్కువ, కదలిక ఎక్కువ, బండిని ఎత్తు మీద నిలబెడతాయి. మనవాడు తిరిగేది కౌంటీ ఫెయిర్‌లో గుర్రాలు పరిగెత్తే అరమైలు మట్టి ట్రాక్ మీద. అక్కడ గెంతుల్లేవు. రేసు మొత్తం ఎడమకి తిరగడమే.

మోటార్‌సైకిలు మలుపులో లోపలికి వాలుతుంది. మనవాడిది నాలుగు చక్రాల క్వాడ్. దానికి ఆ వీల్లేదు, బయటికి, అంటే కుడికి ఒరుగుతుంది. ఆ ఒరగడాన్ని తగ్గించడానికే రైడర్ ఎడమవైపు వేలాడతాడు. స్ప్రింగ్‌ఫీల్డ్ మైలులో మోటార్‌సైకిళ్ళని చూసొచ్చి, ఆ పద్ధతులే దీనికీ పనికొస్తాయని వాడు అనుకుంటున్నాడు. పనికిరావు.

రాత్రి కూర్చుని లెక్క కట్టాను. బండి 380 పౌండ్లు, హెల్మెటూ బూట్లూ అన్నీ కలిపి వాడు 170. మొత్తం 550. మలుపులో 0.8 జీ పక్కబలం ఉందనుకుందాం. గరిమనాభి ఎత్తు 24 అంగుళాలు, ఎడమ చక్రం నడుమ నుంచి కుడి చక్రం నడుమకి 42. ఎడమ చక్రాల మీంచి కుడి చక్రాల మీదికి పోయే బరువు సుమారు 250 పౌండ్లు. బండిని రెండంగుళాలు కిందికి దింపితే అది 230కి వస్తుంది. పైసా ఖర్చు లేకుండా ఎడమ టైర్ల మీద 20 పౌండ్ల బరువు మిగిలినట్టే. ఆ మోటోక్రాస్ షాకులతో బండి అంత కిందికి దిగదు. దింపాలని స్ప్రింగు వదులు చేస్తే షాకు కదలికంతా ఒరగడానికే ఖర్చయిపోతుంది.

వద్దని చెప్పాను. ముఖం మాడ్చుకున్నాడు. ఫరవాలేదు.

మార్చి 23, శనివారం

షెడ్డులో చాలా చలి. అయినా టేపు పట్టుకుని, ముందు చక్రాలని ఫ్రేముకి కలిపే ఆర్ములు కొలిచాం. వాడి బండి 2004 హోండా టీఆర్‌ఎక్స్ 450ఆర్. పాత యజమాని రెండంగుళాలు పొడుగున్న ఆర్ములు వేయించాడు. టైర్ల బయటి అంచు నుంచి అంచుకి వెడల్పు ఇప్పుడు దాదాపు 50 అంగుళాలు. అది మంచిదే. కానీ షాకుల విషయంలో దీన్ని పట్టించుకోని వాళ్ళే ఎక్కువ.

ఆర్ము లోపలి కీలు నుంచి షాకు బోల్టుకి 9 అంగుళాలు. పాత ఆర్ము 15 అయితే నిష్పత్తి 0.6. స్ప్రింగు బలం చక్రం దగ్గరికి వచ్చేసరికి ఈ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది. అంగుళానికి 120 పౌండ్ల స్ప్రింగు చక్రం దగ్గర 43 పౌండ్లే. ఆర్ము 17 అంగుళాలయ్యి బోల్టు అక్కడే ఉంటే 34కి పడిపోతుంది. షాకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. స్ప్రింగు అదే, రంగు అదే, మీద నంబరూ అదే. చక్రానికి మాత్రం అయిదో వంతు మెత్తబడింది. కాబట్టి 'ఫలానా ఛాంపియన్ ఫలానా స్ప్రింగు వాడుతున్నాడు' అనే మాటకి, అతని ఆర్ములేవో తెలియకపోతే విలువ లేదు.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

అక్క తెనాలి నుంచి ఫోన్ చేసింది. పచ్చడి చేశారా అనీ, వాడు ఇంకా ఆ బండి మీదే తిరుగుతున్నాడా అనీ. రెండింటికీ అవునన్నాను.

సాయంత్రం షాకులు కట్టే పెద్దాయనతో మాట్లాడాను. కంపెనీ ఫాక్సా, ఎల్కానా, ఓలిన్సా అని వాడు వారాల తరబడి తల బద్దలుకొట్టుకున్నాడు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. రైడర్ బరువెంత, ఏ ఆర్ములు, బోల్టు ఎక్కడుంది, ట్రాకు పొడవెంత, ఎడమ మలుపులేనా, కుడి మలుపులుండే టీటీ కూడా ఆడతాడా అని అడిగాడు. ఇవి అడగకుండా షాకులమ్మే వాడి దగ్గర కొనకూడదని నా అభిప్రాయం. కొత్త జత వెయ్యి డాలర్లు దాటుతుంది. అంత పెట్టేది పేరు కోసం కాదు, వీడి బరువుకీ ఈ ఆర్ములకీ సరిపోయే లోపలి పని కోసం.

ఆయన చెప్పిన జతలో పైన 200, కింద 300 స్ప్రింగులు ఒకదానిమీద ఒకటి. రెండూ కలిసి నొక్కుకుంటున్నంతసేపూ బలం 120 మాత్రమే. కొంత దూరం వెళ్ళాక మధ్యలోని కాలరు ఆపుకి తగిలి పై స్ప్రింగు ఆగిపోతుంది. అక్కడి నుంచి కింది 300 ఒక్కటే పనిచేస్తుంది. ముందు మెత్తన, తర్వాత గట్టి. ఆ తగిలే చోటుని ఆపు రింగు తిప్పి మార్చుకోవచ్చు. ఈ జతలో నాకు బాగా నచ్చింది ఆ రింగే.

మే 4, శనివారం

కొత్త షాకులు బిగించాం. రైడర్ కూర్చున్నప్పుడు ముందు ఫ్రేము కింద ఖాళీ ఐదంగుళాలు. ఎడమా కుడీ విడివిడిగా కొలిచి ప్రీలోడ్ రింగులు సరిచేశాను. బండి మీద వాడు ఉండగానే కొలవాలి. ఖాళీ బండి కొలతలు ఖాళీ బండికే పనికొస్తాయి. ఆ తర్వాతే టైర్ల వాలు చూశాం. ఎత్తు మారితే వాలు ఎలాగూ మారుతుంది. కుడి చక్రం పై అంచు లోపలికి, ఎడమ చక్రం పై అంచు బయటికి. బండి కుడికి ఒరిగినప్పుడు రెండు టైర్లూ నేలకి నిటారుగా రావాలి.

మే 18, శనివారం

ప్రాక్టీసు. మొదటి చుట్టు నుంచే వాడి ఫిర్యాదు: మలుపులోకి దిగేటప్పుడు ముందు చక్రాలు తిరగకుండా నేరుగా జారిపోతున్నాయని. క్వాడ్‌కి వెనక ఇరుసు ఒకటే కడ్డీ. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలి కనుక బండి నేరుగా పోవాలనే చూస్తుంది. వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా కాస్త పెంచాక సగం తగ్గింది. మిగతా సగం ముందు షాకులది.

షాకుల మీది క్లిక్కర్లు తిప్పుదామని వాడి తొందర. ఆగమన్నాను. క్లిక్కరు బండి ఎంత ఒరుగుతుందో మార్చదు, ఎంత త్వరగా ఒరుగుతుందో మాత్రమే మారుస్తుంది. ఎంత అన్నది స్ప్రింగు పని. పొట్టి ట్రాక్‌లో బండి ఎప్పుడూ ఒరుగుతూనో లేస్తూనో ఉంటుంది కాబట్టి క్లిక్కరుకి అక్కడ చేతినిండా పని. అరమైలులో మలుపు పొడుగు. ఒకసారి ఒరిగాక అలాగే నిలబడుతుంది, అప్పుడు మోసేది స్ప్రింగే.

వాడు ఆగగానే షాఫ్టుల మీది రబ్బరు రింగులు చూశాను. షాకు ఎంతవరకు నొక్కుకుందో రింగు అంతవరకు జరిగి అక్కడే ఉండిపోతుంది. ఎడమది సగానికి కూడా రాలేదు. కుడిది చివరి రబ్బరుని తాకింది, దాని అంచుకి నలుసంత నల్ల రబ్బరు అంటుకుని ఉంది. కుడి షాకు పూర్తిగా కూర్చుండిపోతోందన్నమాట. అక్కడ ఇంక స్ప్రింగు లేదు, ఇనుము మాత్రమే. అందుకే టైరు జారుతోంది.

మొత్తం స్ప్రింగు గట్టిది వేస్తే మలుపు మొదట్లోనే కుడి టైరు మీద భారం పెరిగి ఇంకా జారుతుంది. అందుకని కుడివైపు ఆపు రింగు మాత్రం తిప్పి, గట్టి స్ప్రింగు కాస్త ముందుగా అందేలా చేశాను. ఎడమది తాకలేదు. వాడు వెళ్ళి తిరిగొచ్చి హెల్మెట్ తీయకుండానే బొటనవేలు చూపించాడు.

జూన్ 1, శనివారం

రేసు. మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు తడిపి వెళ్ళింది, మట్టి అంటుకుంటోంది. చీకటి పడేసరికి లోపలి దారి ఎండి నున్నగా నల్లబడింది. పట్టు తగ్గితే పక్కబలం తగ్గుతుంది, బండి అంత ఒరగదు, మధ్యాహ్నం సరిపోయిన గట్టిదనం రాత్రికి ఎక్కువవుతుంది. ఫైనల్‌కి ముందు కంప్రెషన్ రెండు క్లిక్కులు వదిలాను. థ్రాటిల్ తెరిచినప్పుడు ముక్కు లేచిపోతోందంటే రీబౌండ్ బిగించాను. ఇంకో క్లిక్కు కావాలన్నాడు గానీ ఒప్పుకోలేదు. మూడో మలుపు తర్వాత దగ్గర దగ్గరగా అలల్లా ఎగుడుదిగుళ్ళు పడ్డాయి. అక్కడ షాకు తిరిగి సాగేలోపే మళ్ళీ నొక్కుకుపోతే చక్రం నేల మీద ఆగదు.

ఐదో స్థానం. ముందున్న నలుగురి బండ్లూ వీడిదానికన్నా కొత్తవి.

సెట్టింగులన్నీ వెనక పేజీలో రాశాను. ఇవి ఈ ట్రాక్‌కే. టీటీ ఆడే వారం కుడి ఆపు రింగు మళ్ళీ ఎడమదానితో సమానం చెయ్యాలి. షాకులు ఇవే సీజనంతా ఉంటాయి. శీతాకాలంలో నూనె, నైట్రోజన్ మార్పించాలి. మిగిలిన డబ్బు టైర్లకి.