టేపు కింది అక్షరాలు



నలభై యేళ్లకు పైబడిన నా తప్పునొకదాన్ని దిద్దుకోవడానికి ఈ టపా రాస్తున్నాను. పిల్లల తప్పులు దిద్దడానికి ఉద్యోగకాలమంతా ఎర్రసిరా ఖర్చుచేసినవాణ్ణి. నా తప్పు దగ్గరికి వచ్చేసరికి ఇంతకాలం పట్టింది.

మొన్న సంక్రాంతి సెలవులకు మా అన్నయ్య మనుమరాలు నరసరావుపేట వచ్చింది. ఫొటోలంటే ప్రాణం పెట్టే పిల్ల. పాత కటకాలను కొత్త డిజిటల్ కెమెరాలకు తగిలించుకోవచ్చునట. నడుమ అడాప్టరు అనే చిన్న లోహపు కంకణం ఉంటే చాలునట. తాతగారి స్టూడియో సామాను దాచిన చెక్కపెట్టె తెరిచి, నలుపు తెలుపు చారలున్న లెన్సు ఒకటి పైకి తీసింది. దాని ముందు అంచు చుట్టూ నల్లటేపు అంటించి ఉన్నది.

“చిన్నతాతయ్యా, ఇది దొంగ లెన్సట గదా! నాన్న చెప్పాడు” అన్నది.

ఆ ముద్ర వేసినవాణ్ణి నేనే. ఆ మాట పిల్లతో వెంటనే చెప్పలేకపోయాను.

అది 1979వ సంవత్సరం. అన్నయ్య పేటలో స్టూడియో పెట్టి మూడేళ్లయింది. చేతిలో ఉన్నది తూర్పు జర్మనీలో తయారైన ప్రాక్టికా కెమెరా. దాని లెన్సుకు బూజు పట్టి బొమ్మ మసకబారుతున్నది. మాచర్లలో అన్నయ్యకు ప్రాణమిత్రుడొకరుండేవారు. ఆయన మద్రాసు వెళ్లి, ఒక ఓడ ఉద్యోగి దగ్గర 450 రూపాయలకు లెన్సు కొనుక్కొచ్చి, అణా లాభం చూసుకోకుండా అదే ధరకు అన్నయ్యకిచ్చారు. “హాంబర్గు రేవులో కొన్నాడటరా. అసలైన జైస్!” అన్నారు. ఆనాటి స్టూడియోవాళ్లకు జైస్ అన్న పేరు వేదవాక్కు.

తీరా చూస్తే కంకణం మీద ఆ పేరే లేదు! ‘ఔస్ యేనా’ అని రెండు జర్మన్ మాటలు, ‘టి’ అని ఒంటరి అక్షరం, 2.8/50 అన్న కొలతలు, ఏడుతో మొదలయ్యే ఏడంకెల సంఖ్య, ఒకటీ ‘క్యూ’ అక్షరమూ పెనవేసుకొన్న చిన్న గుర్తు. అంతే. గుంటూరులో ఒక స్టూడియో యజమాని దగ్గరున్న లెన్సు మీద ‘కార్ల్ జైస్ యేనా’ అనీ, ‘టెస్సార్’ అనీ నిండుగా చెక్కి ఉండడం అన్నయ్య చూసివున్నాడు. సందేహం పుట్టి నా దగ్గరికి తెచ్చాడు. నేనప్పుడు భాషాప్రవీణ విద్యార్థిని. ఇంట్లో అక్షరాలకు నేనే అధికారిని.

జర్మన్ భాషలో ‘ఔస్’ అంటే ‘నుండి’ అని నాకేం తెలుసు? ఏ, యు, ఎస్ అన్న మూడక్షరాలూ చూసి, “ఇది ఆస్ట్రేలియాకు సంక్షిప్తరూపం. జర్మనీ కాదు, జైసూ కాదు. నిన్నెవరో మోసం చేశారు” అని తీర్పు చెప్పేశాను.

ఆ తీర్పును అన్నయ్య మాచర్ల మోసుకుపోయాడు. “నా మాట కంటే మీ తమ్ముడి మాట ఎక్కువా?” అన్నారట మిత్రుడు. మాటా మాటా పెరిగింది. ఆయన 450 రూపాయలూ మనియార్డరు చేస్తే అన్నయ్య తిప్పికొట్టాడు. కోడిపందెంతో మొదలైన యుద్ధాన్ని కథలుగా పాడుకొనే సీమ మాది. ఒక లెన్సు చాలదా? 2003లో అన్నయ్య పోయేదాకా ఆ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు.

విచిత్రమేమంటే అన్నయ్య ఆ లెన్సును వాడడం మానలేదు. బొమ్మ బాగా వచ్చేది మరి. ఎవరైనా అక్షరాలు చూసి నవ్వుతారని నల్లటేపు చుట్టాడు. 1981 శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో, ఆకాశమంత ప్రభ కింద మా అమ్మ కళ్లెత్తి నిలుచున్న ఫొటో దానితో తీసిందే. ఇప్పటికీ మా ఇంటి నట్టింట ఉన్నది.

పిల్ల టేపు ఊడదీసింది. ఈసారి తొందరపడదలచుకోలేదు. తాళపత్ర ప్రతుల పరిష్కరణకు మా గురువులు నేర్పిన సూత్రాలే పట్టుకొన్నాను. పుస్తకం మొదట ఎవరి పేరున్నదన్నది బాహ్యప్రమాణం; లోపలి భాష ఏం చెబుతున్నదన్నది అంతరప్రమాణం. పేరున్న కంకణాన్ని మార్చవచ్చు. గాజును మార్చడం అంత తేలిక కాదు.

ముందు గాజునే పరీక్షించాము. ‘టి’ అంటే టెస్సారే అయితే అందులో నాలుగు అద్దాలుండాలి. పాల్ రుడోల్ఫ్ 1902లో జైస్ సంస్థ కోసం రూపొందించిన ఈ నిర్మాణానికి ఆ పేరు వచ్చిందే గ్రీకులో ‘నాలుగు’ అన్న మాట నుండి. ముందు రెండు విడి అద్దాలు. వెనుక రెండింటిని పారదర్శకమైన జిగురుతో ఒకటిగా అతికిస్తారు. అదే ప్రాక్టికాలకు చవకలో వచ్చిన, గోర్లిట్స్ పట్టణపు మేయర్ కర్మాగారం వారి డోమిప్లాన్ అయితే మూడే అద్దాలు, అతుకు లేదు.

విప్పకుండానే తెలుసుకొనే ఉపాయమున్నది. గాలీ గాజూ కలిసే ప్రతి తలమూ వెలుగును కొంత తిప్పికొడుతుంది. లోపలి రెక్కలు మూసి, చీకటిగదిలో ఫోను దీపం ముందువైపు నుండి చూపితే నాలుగు ప్రతిబింబాలు మెరిశాయి: రెండు విడి అద్దాల నాలుగు ముఖాలు. వెనుక నుండి చూపితే రెండు ప్రకాశంగా మెరిశాయి. మూడవదాని కోసం పిల్ల చాలాసేపు అటూ ఇటూ తిప్పింది. “అదుగో తాతయ్యా!” అన్నది. వెలుగు చచ్చిన చిన్న చుక్క. అతుకు దగ్గర గాలి ఉండదు గనుక అక్కడ వెలుగు అంత మందంగానే తిరిగివస్తుంది. నాలుగవ అద్దం అలా సాక్ష్యం చెప్పింది.

గాజు టెస్సారే. మరి పేరెందుకు లేదు?

ఇక్కడ కథ యేనా పట్టణానికి పోవాలి. కార్ల్ జైస్ 1846లో అక్కడ కర్మశాల తెరిచాడు. తర్వాత ఎర్నస్ట్ అబ్బే అనే భౌతికశాస్త్రవేత్త గణితంతోనూ, ఒట్టో షాట్ కొత్త గాజులతోనూ ఆ పేరును ప్రపంచానికి చాటారు. 1945లో యుద్ధం ముగిసేసరికి యేనాలో ఉన్నది అమెరికా సైన్యం. ఊరిని సోవియట్లకు అప్పగించేముందు వారు ముఖ్య నిపుణులను తమతో పశ్చిమానికి తరలించుకుపోయారు. ఆ నిపుణులు ఓబర్‌కోహెన్‌లో కొత్త కర్మాగారం పెట్టారు. యేనాలో మిగిలిన యంత్రాలలో అత్యధిక భాగాన్ని సోవియట్లు విప్పి తమ దేశానికి పట్టుకుపోయారు. ఉన్న ఊరిలో ఉండిపోయినవారు మళ్లీ మొదటినుండి కట్టుకొన్నారు. 1948లో అది ప్రభుత్వ సంస్థ అయింది. ఒక తల్లి, రెండు ఇళ్లు, ఒకే ఇంటిపేరు!

1950లలో ఇంటిపేరు కోసం వ్యాజ్యాలు మొదలయ్యాయి. పశ్చిమ జర్మనీ న్యాయస్థానాలు ఓబర్‌కోహెన్ పక్షాన నిలిచాయి. కనుక అక్కడ అమ్మే సరుకు మీద యేనావారు ‘జైస్’ అని రాసుకోరాదు. ‘టెస్సార్’ అని కూడా రాసుకోరాదు. అందుకని పొడి అక్షరాలు వెలిశాయి. టెస్సార్ ‘టి’ అయింది. బయోటార్ ‘బి’ అయింది. సొన్నార్ ‘ఎస్’ అయింది. సంస్థ పేరుకు బదులు ‘ఔస్ యేనా’, అంటే ‘యేనా నుండి వచ్చినది’. పేరు లాగేసుకొంటే ఊరిపేరు చెప్పుకొన్నారు పాపం! ఎవరి పేరు ఎక్కడ చెల్లాలో 1971లో లండనులో ఒప్పందం చేసుకొన్నారు. 1990లో జర్మనీ ఒకటయ్యాక, 1991లో ఆ రెండు ఇళ్లూ కలిశాయి.

వరుససంఖ్యను బట్టి మా లెన్సు 1960ల నడుమ పుట్టినది. ఒకటీ ‘క్యూ’ కలిసిన గుర్తు తూర్పు జర్మనీలో మేలురకం సరుకుకు వేసిన ముద్ర.

ఇక్కడిదాకా వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. జైస్ పేరు తీసేసిన లెన్సు ఎక్కడ అమ్మడానికి తయారవుతుంది? ఆ పేరు చెల్లని దేశంలో. హాంబర్గు ఎక్కడున్నది? పశ్చిమ జర్మనీలో. మిత్రుడు అబద్ధమాడాడనడానికి మేము చూపిన లోపమే, ఆయన చెప్పిన మాటకు సాక్ష్యం!

పైగా దొంగసరుకు చేసేవాడు ఏం చేస్తాడు? అందరికీ తెలిసిన పేరునే పెద్దగా చెక్కుతాడు. ఎవరికీ అర్థంకాని ‘ఔస్ యేనా’ చెక్కి ఎవరిని మోసం చేస్తాడు? అర్థంకాని పాఠాన్ని తప్పుపాఠమని కొట్టివేయరాదు, అదే మూలపాఠం కావచ్చునని తరగతిగదిలో ముప్ఫయ్యేళ్లు చెప్పాను. నా ఇంట్లో అది పాటించలేదు.

మరునాడు పిల్లను వెంటబెట్టుకొని మాచర్ల వెళ్లాను. ఆ మిత్రుడు 2011లోనే పోయారు. వదినగారున్నారు. లెన్సు చేతికిచ్చి, జరిగినదంతా చెప్పి, “తప్పు నాది వదినగారూ” అన్నాను. ఆవిడ అక్షరాల మీద వేలుపెట్టి కాసేపు తడిమారు.

“ఇప్పుడు ఎవరికి చెబుతాం మాష్టారూ? ఇద్దరూ లేరు గదా” అన్నారు.

నా దగ్గర సమాధానం లేదు. మజ్జిగ ఇచ్చారు, తాగాము. బయలుదేరబోతుంటే ఆవిడే పిల్లను పిలిచి, “దీంతో నాకొక ఫొటో తీయమ్మా. ఆయన పటం పక్కన నిలబడతాను” అన్నారు.

తీసింది. ప్రతి ఒకటి మాచర్లకు పంపాము. ఇంకొకటి మా అమ్మ ఫొటో పక్కన పెట్టుకొన్నాను. లెన్సు పిల్లతో వెళ్లిపోయింది. అంచు మీద టేపు జిగురు ఇంకా పూర్తిగా పోలేదు.

అన్నయ్యకు చెప్పవలసిన మాట మాత్రం నా దగ్గరే మిగిలిపోయింది. అందుకే ఇక్కడ రాసుకొన్నాను.